సైటుకి ఐపీవీ6: ఫోన్లలో హాయి, కొట్లో తలనొప్పి

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన సైటు నేనే చూస్తాను. తేజ, 334, బాడిగ రకాలు ఆ రోజు క్వింటా ఎంత పలికాయో పెడతాం, అంతే. దానికి ఐపీవీ6, అంటే ఇంటర్నెట్‌లో కొత్త రకం అడ్రసు, పెట్టి చాన్నాళ్లయింది. దొరికిన సుఖం ఒక్కటే గానీ పెద్దది: రైతుల్ని సైటే గెంటేయడం ఆగింది.

పాత రకం (ఐపీవీ4) అడ్రసులు మొత్తం 430 కోట్ల లోపే. మన ప్రాంతానికి పంచే ఏపీనిక్ దగ్గర 2011లోనే నిల్వ చివరి బ్లాకుకి వచ్చేసింది. అందుకే మొబైల్ కంపెనీలు బోలెడు ఫోన్లకి కలిపి ఒకే పాత అడ్రసు వాడతాయి. పొద్దున ధర పెట్టగానే అందరూ ఒకేసారి తెరిస్తే, ఎవడో ఒక్కడే పదేపదే తలుపు బాదుతున్నట్టు సర్వర్‌కి అనిపించేది. వెంటనే బ్లాక్. "ధర దాచిపెడుతున్నారా?" అని కొట్టుకి ఫోన్లు. క్వాడ్-ఏ రికార్డు (సైటు పేరుకి ఐపీవీ6 అడ్రసు చూపే ఎంట్రీ) పెట్టాక జియో లాంటి నెట్‌వర్కుల ఫోన్లు సొంత అడ్రసులతో నేరుగా రావడం మొదలైంది.

అంతా బాగుందనుకుంటుండగా కొట్లో కొత్తగా ఫైబర్ వేయించారు. కంప్యూటర్‌లో సైటు తెరిస్తే తెల్ల పేజీ. అదే ఫోన్లో, మొబైల్ డేటా మీద, టక్కున వస్తుంది. "ఏమయ్యా, ఊరందరికీ వచ్చేది మాకే రాదా?" అన్నాడాయన. నెట్ వాళ్లేమో "ఫోన్లో వస్తోందిగా, సైటు వాళ్లనడగండి" అన్నారు. హోస్టింగ్ వాళ్లు "మీ లైను చూపించుకోండి" అన్నారు. మధ్యలో టెన్షన్ నాకు.

కూర్చుని చూస్తే కనెక్షన్ కలుస్తోంది, సర్వర్ తన గుర్తింపు సర్టిఫికెట్ పంపే దగ్గర ఆగిపోతోంది. కనెక్షన్ కలిసింది కాబట్టి బ్రౌజర్ కూడా ఐపీవీ4 వైపు తిరగదు. ఆ ఫైబర్ లైను పీపీపీఓఈ, అంటే ప్రతి ప్యాకెట్‌కీ (డేటా ముక్కకీ) అదనపు తొడుగు వేసి పంపే రకం. 1500 బైట్ల ప్యాకెట్ పట్టదు, 1492 దాకానే. ఐపీవీ6లో దారిలోని రౌటర్ ప్యాకెట్‌ని ముక్కలు చేయదు, పెద్దదైపోయిందని పంపినవాళ్లకి ఐసీఎంపీవీ6లో (నెట్‌వర్క్ కబుర్లకి వాడే పద్ధతి) కబురు పెడుతుంది. ఆ కబురుని హోస్టింగ్ వాళ్ల ఫైర్‌వాల్ సెక్యూరిటీ పేరు చెప్పి పారేస్తోంది, మా సర్వర్ పెద్ద ప్యాకెట్లే పంపుతూ కూర్చుంటోంది! ఐపీవీ4కి మాత్రం రౌటరే సైజు ముందుగా తగ్గించి సర్దేస్తోంది, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. ఎన్ని మెయిళ్లు పెట్టినా వాళ్లు ఆ రూలు తీయలేదు. చివరికి మా సర్వర్‌లోనే ఐపీవీ6 ఎంటీయూని (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజుని) 1280 బైట్లకి దించాను. ఐపీవీ6 నడిచే ఏ లైనైనా అంత మోయాల్సిందే. ఆ సాయంత్రమే కొట్లో పేజీ వచ్చింది. ఫైర్‌వాల్ పెట్టినవాళ్ల మీద కోపం ఇంకా పోలేదు.

గెంటివేత ఆగిందన్నాను గానీ, ఐపీవీ4 ఒక్కటే ఉన్న కనెక్షన్ల వాళ్లు ఇంకా పాత దారినే వస్తారు. సీజన్ రద్దీలో వాళ్లకి అప్పుడప్పుడు బ్లాక్ తప్పడం లేదు. పాత అడ్రసూ అందుకే ఉంచాం. పైగా ఐపీవీ6లో ఒకే ఫోను అడ్రసులు మార్చుకుంటుంది, కాబట్టి స్లాష్ 64 (ఒక కనెక్షన్‌కి కలిపి ఇచ్చే అడ్రసుల గుంపు) మొత్తాన్ని ఒకరి కింద లెక్కేసేలా రూల్స్ తిరగరాయాల్సి వచ్చింది.

మాకు చూసేవాళ్లు దాదాపు ఫోన్లవాళ్లే, సర్వర్ సెట్టింగులు నా చేతిలో ఉన్నాయి, కాబట్టి గిట్టుబాటైంది. విజయవాడలో ఆఫీసులకి బిల్లింగ్ సైట్లు చేసే మా బావమరిది అడిగితే మాత్రం పెట్టేయమని ఇంకా చెప్పలేదు. అతనిది షేర్డ్ హోస్టింగ్, ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది, ఎంటీయూ జోలికి పోనివ్వరు.