తొమ్మిదేళ్ల టర్బో పెట్రోల్ కారు: వేడెక్కింది, ఆయిల్ తాగింది, ఇంజిన్ మాత్రం దించలేదు

మాది 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ కారు. టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది. 2016లో కొన్నాను. ఇప్పటికి 1,41,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ విజయవాడ నుంచి నరసరావుపేట వైపు ఉద్యోగం, నెలకోసారి హైదరాబాద్. కంపెనీ పేరు రాయను. ఈ జబ్బు ఏ టర్బోకైనా రావచ్చు, పైగా సగం తప్పు నాదే.

లాగుడు, సీట్లు, ఏసీ విషయంలో ఒక్క మాట అనడానికి లేదు. హైవే మీద 15 ఇస్తుంది, బెజవాడ ట్రాఫిక్‌లో 10 దాటదు. ఇక అసలు కథకి వస్తాను.

2023 వేసవి. అప్పటికి 1,15,000 తిరిగింది. పంతంగి టోల్ దగ్గర క్యూలో ఉండగా టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా ఎర్ర గీత వైపు ఎగిరింది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్‌గా పెట్టాను. ఇంజిన్ వేడిని కొంచెమైనా బయటికి లాగుతుందని. మే నెలలో హీటర్! వెనక సీట్లోంచి నాన్న, "ఒరేయ్, మమ్మల్ని ఆవిరి కుడుముల్లా ఉడికిస్తున్నావేంట్రా?" అన్నారు. బండి కదిలి గాలి తగిలాక ముల్లు దిగింది.

అదే నెలలో ఇంకోటి గమనించాను. సుమారు 1,200 కిలోమీటర్లకి లీటర్ ఆయిల్ మాయమవుతోంది. కింద ఒక్క చుక్క కారడం లేదు. సిగ్నల్ దగ్గర అయిదారు నిమిషాలు ఆగి కదిలితే వెనక నీలం పొగ. నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లగా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్, నల్లగా వస్తే పెట్రోల్ ఎక్కువవుతున్నట్టు.

మామూలుగా సర్వీసుకి ఇచ్చే చోట బానెట్ ఎత్తి చూసి, "రింగులు పోయాయి సార్, ఇంజిన్ దించాలి, 95 వేలు అవుతుంది" అన్నారు. రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి, ఆయిల్ సిలిండర్‌లోకి రాకుండా ఆపేవి. ఒక్క టెస్టూ చెయ్యలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు టెన్షన్‌తో సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. అందరూ భాయ్ అనే పిలుస్తారు. అంతా విని, "దించడానికేముంది సార్, దించితే దిగుతుంది. మళ్లీ ఎక్కించాకే కదా అసలు సంగతి తెలిసేది. ముందు చూద్దాం" అన్నారు.

నేనూ ఒక బ్లూటూత్ స్కానర్ కొన్నాను, తొమ్మిది వందలు. స్టీరింగ్ కింద పోర్ట్‌లో పెడితే ఫోన్‌లో అసలు టెంపరేచర్ కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డ్ ముల్లు ఎంత అబద్ధాలకోరో అప్పుడు తెలిసింది. నా కారులో 80 డిగ్రీల నుంచి 105 దాకా ముల్లు కదలకుండా మధ్యలోనే కూర్చుంటుంది. అది కదిలేసరికే ఆలస్యమైపోతుంది. స్కానర్‌లో చూస్తే 80 స్పీడులో 92, 93. ఆగి ఉంటే నిమిషానికింత పెరిగి 108. పరుగులో చల్లగా ఉండి, ఆగినప్పుడే వేడెక్కితే గాలి ఆడటం లేదని అర్థమట. పరుగులోనే వేడెక్కితే కూలెంట్ తిరగడం లేదా, రేడియేటర్ లోపల పూడిందా, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లకీ వాటి పైన మూతలా ఉండే హెడ్‌కీ మధ్య సీలు) పోయిందా అని చూసుకోవాలి.

భాయ్ చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేశారు. ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. 108 దాటాక మాత్రం విమానంలా హోరున తిరిగింది. తక్కువ స్పీడు నడిపే రెసిస్టర్ కాలిపోయింది, ఎక్కువ స్పీడు ఒక్కటే మిగిలింది. ముందు బంపర్ విప్పితే ఇంకో దరిద్రం. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుప్పటి పరిచినట్టు పత్తి నుసి. ఆ రోడ్డులో పత్తి లారీల వెనక ఎన్నేళ్లు తిరిగానో ఆ నుసే చెప్పింది. పంపు నీళ్లతో ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లగా కడిగారు. వాటర్ సర్వీసు గన్ పెడితే రేకులు వంగిపోతాయి.

హెడ్ గ్యాస్కెట్ భయం కూడా తీర్చుకున్నాం. కూలెంట్ ట్యాంకు మూతి మీద నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టి ఇంజిన్ నడిపితే, సిలిండర్‌లోని పొగ కూలెంట్‌లోకి వస్తున్నట్టయితే ద్రవం పసుపు రంగులోకి మారుతుంది. మాది నీలంగానే ఉంది. డిప్‌స్టిక్ మీద పాలలాంటి తెట్టు కూడా లేదు.

ఇక ఆయిల్. ఇక్కడే ఆయన పనితనం చూశాను. నాలుగు ప్లగ్గులూ విప్పారు. పొడిగా, ఇటుక రంగులో ఉన్నాయి. రింగులు పోతే కనీసం ఒక్కటైనా ఆయిల్‌తో తడిసి నల్లబడాలి. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి చూస్తే నాలుగింటిలోనూ 160 నుంచి 170 పీఎస్ఐ మధ్యే. టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే సన్నటి తడి. అది ఏ టర్బోలోనైనా ఉండేదే, చెంచాతో తోడేంత ఉంటేనే భయపడాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి, ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ కూడా బాగానే ఉందని తేల్చారు. అంటే ఆయిల్ సిలిండర్‌లోకి వెళ్లడం లేదు. మరి కాలేది ఎక్కడ?

"ఇంజిన్ తర్వాత" అన్నారు భాయ్. టర్బో నుంచి సైలెన్సర్‌కి వెళ్లే గొట్టం విప్పి వేలు పెట్టి చూపించారు. తడి! టర్బోలో ఎగ్జాస్ట్ చక్రం వైపు నుంచి ఆయిల్ కారి, ఆ వేడికి అక్కడే కాలుతోంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు సులువుగా దాటుతుంది, ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్ పైనుంచి ప్రెషర్‌తో వచ్చి, కింద గొట్టంలోంచి తన బరువుతోనే దిగిపోవాలి. దిగే గొట్టం పూడితే పైన నిండి సీలు దాటుతుంది. మా గొట్టం విప్పితే లోపల బొగ్గు కట్టింది, పెన్సిల్ కూడా దూరలేదు. అందుకే ఆగి కదిలినప్పుడే పొగ. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ఎగ్జాస్ట్ ఒత్తిడి తక్కువ కదా, ఆయిల్‌ని ఆపేది ఉండదు.

ఎందుకు పూడింది? 110లో వచ్చి దాబా ముందు టక్కున ఇంజిన్ ఆపే అలవాటు నాది. అంత వేడి టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆ వేడి దించడానికి ఇంజిన్ ఆపాక కూడా నా కారులో ఫ్యాన్ కాసేపు తక్కువ స్పీడులో తిరగాలి. ఆ స్పీడే పోయింది కాబట్టి ఎన్నాళ్లుగానో తిరగడం లేదు. నేను రెండు జబ్బులనుకున్నవి ఒక కాలిపోయిన రెసిస్టర్ దగ్గర కలిశాయి. ఆయిల్ మార్పు కూడా గడువు పూర్తయ్యేదాకా, అంటే 15,000 దాకా సాగదీసేవాడిని.

కొత్త ఆయిల్ గొట్టం, గ్యాస్కెట్లు, రెసిస్టర్, కూలెంట్, ఆయిల్, కూలీతో మొత్తం 14,600 అయింది. టర్బో ఇరుసు పట్టుకుని ఊపి చూశారు. పక్కలకి కాస్త కదలిక ఉన్నా ముందుకీ వెనక్కీ లేదు, అది చాలన్నారు. సైలెన్సర్‌లో మిగిలిన ఆయిల్ కాలిపోయేదాకా ఇంకో వారం పొగ వచ్చింది. ఆ వారం మళ్లీ గుండె దడ.

తర్వాత 26,000 కిలోమీటర్లు తిరిగాను. ఇప్పుడు 7,500కి ఆయిల్ మారుస్తున్నాను, మధ్యలో మహా అయితే 300 మిల్లీలీటర్లు తగ్గుతుంది. పోయిన మే నెలలో కొర్లపహాడ్ టోల్ దగ్గర ఇరవై నిమిషాలు ఆగినా స్కానర్ 98 దాటలేదు. కూలెంట్ ప్లాస్టిక్ ట్యాంకు మాత్రం ఒకసారి చిట్లింది. అది ఈ మోడల్‌లో నాసిరకమే, మార్కులు తీసేస్తాను.

సెకండ్ హ్యాండ్‌లో టర్బో పెట్రోల్ చూసేవాళ్లు స్కానర్ జేబులో వేసుకుని వెళ్లండి. ఏసీ వేయించి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఒక్కసారి ఎక్సలేటర్ తొక్కించి మీరు వెనక నిలబడండి. అమ్మేవాళ్లు "ఏం అక్కర్లేదండీ, బండి బంగారం" అని తొందరపెడితే ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువ ఉంచండి. నాది మాత్రం అమ్మడం లేదు, ఇప్పటికి ముగ్గురు అడిగారు.