నాలుగు నెలలు పచ్చ టిక్కు చూపించి రీస్టోర్ రోజున ముంచింది: నెట్‌వర్క్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు జాగ్రత్త

మా ఆఫీసులో 22 కంప్యూటర్లు ఉన్నాయి. రోజూ రాత్రి వాటి డిస్కులన్నిటికీ నెట్‌వర్క్ మీదుగా ఇమేజ్ తీసి సర్వర్‌లో దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి డబ్బు పెట్టి కొన్నాం. ఇమేజ్ అంటే విండోస్‌తో సహా డిస్క్ మొత్తానికి తీసిన నకలు, డిస్క్ పోతే ఆ నకలును కొత్తదాంట్లోకి తిరిగి ఎక్కించడమే రీస్టోర్. ఇది మంచిదని చెప్పింది నేనే, కొన్నది నేనే, చివరికి తిట్లు తిన్నదీ నేనే. రీఫండ్ గొడవ ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. పేరుతో పెద్దగా పని కూడా లేదు, నేను పడ్డ గోతులు ఏ కంపెనీ సరుకులోనైనా ఉండొచ్చు.

రోజూ పొద్దున కన్సోల్ (ఏ మెషీన్ బ్యాకప్ ఎలా జరిగిందో చూపించే తెర) తెరిస్తే 22 పచ్చ టిక్కులు కనిపించేవి. కాఫీ తాగుతూ వాటిని చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఓ సోమవారం అకౌంట్స్ మెషీన్‌లో ఎస్‌ఎస్‌డీ చచ్చిపోయింది. బయోస్‌లో కూడా కనపడలేదు. నాకు కంగారు కాదు కదా, కాస్త సంబరంగా కూడా అనిపించింది. కొత్త డిస్క్ పెట్టి ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో (విండోస్ లేకున్నా మెషీన్‌ని లేపేది) బూట్ చేస్తే గంటలో పని అయిపోతుంది, ఖర్చు పెట్టినందుకు ఫలితం అందరికీ చూపించొచ్చు అనుకున్నా.

బూట్ అయితే అయింది. సర్వర్ వెతకమంటే 'నెట్‌వర్క్ అడాప్టర్ లేదు' అంది. ఆ మెషీన్ మదర్‌బోర్డ్ మీద ఉన్నది 2.5 గిగాబిట్ లాన్ చిప్. ఆ పెన్‌డ్రైవ్‌లోని వాళ్ళ రెస్క్యూ డిస్క్ ఏళ్ళనాటి లైనక్స్ కెర్నెల్ (లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) మీద కట్టినది, ఆ చిప్‌కి డ్రైవర్ అందులో లేదు. రోజూ బ్యాకప్ బాగానే నడవడానికి కారణం అప్పుడు వాడుకున్నది విండోస్‌లోని డ్రైవర్‌ని కావడమే. ఈ తేడా నాకు అప్పటిదాకా తట్టలేదు. బ్యాకప్ తీసేది ఒక ఆపరేటింగ్ సిస్టమ్, తిరిగి ఎక్కించేది ఇంకొకటి. మొదటిది పనిచేసినంత మాత్రాన రెండోది పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు.

పాత యూఎస్‌బీ లాన్ అడాప్టర్ ఒకటి వెతికి తగిలించాను. నెట్‌వర్క్ వచ్చింది, కానీ సర్వర్‌లోని షేర్ (నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్) తెరుచుకోలేదు. సపోర్ట్‌కి రాస్తే రెండు రోజులకు వచ్చిన జవాబు ఇది: 'సర్వర్‌లో ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయండి.' ఎస్‌ఎంబీ అంటే విండోస్ మెషీన్లు నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే పద్ధతి, 1 అంటే దాని పాత వెర్షన్. చదివి కాసేపు నాకు మాట రాలేదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగేది) ప్రపంచమంతా పాకింది ఆ ఎస్‌ఎంబీ 1 లోని కంత గుండానే. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే మైక్రోసాఫ్ట్ దాని సర్వర్ భాగాన్ని మామూలుగా పెట్టడమే మానేసింది. బ్యాకప్‌లన్నీ దాచుకున్న సర్వర్‌కే ఆ తలుపు తెరవమంటున్నారు, అదీ డబ్బు తీసుకున్నవాళ్ళు. నేను తెరవలేదు. ఇమేజ్ ఫైళ్ళు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి అక్కణ్ణుంచి రీస్టోర్ మొదలుపెట్టాను. నెట్‌వర్క్ బ్యాకప్ కోసం కొన్న సరుకును చివరికి చేత్తో మోసుకెళ్ళాల్సి వచ్చిందన్నమాట.

74 శాతం దగ్గర ఆగిపోయింది. 'బ్లాక్ చెక్‌సమ్ సరిపోలలేదు.' అంటే ఇమేజ్‌లోని ఒక ముక్క చెడిపోయిందని. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ 74.

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. ఈ సాఫ్ట్‌వేర్ మొదటి రోజు మాత్రమే పూర్తి ఇమేజ్ తీస్తుంది. ఆ తర్వాత రోజూ మారిన బ్లాకుల్ని మాత్రమే తీసుకుని గొలుసులా ఒకదానికొకటి తగిలిస్తూ పోతుంది. జాగా ఆదా, టైమ్ ఆదా, కాదనను. కానీ గొలుసులో ఒక లింకు తెగితే దాని తర్వాత ఉన్నవన్నీ దండగే. మధ్యలో ఒక రాత్రి మా స్విచ్ కరెంటు పోయి మళ్ళీ ఆన్ అయినట్టుంది. ఆ రాత్రి ఫైలును సాఫ్ట్‌వేర్ సగం రాసి వదిలేసింది. లాగ్‌లో 'హెచ్చరికతో పూర్తయింది' అని రాసుకుంది. కన్సోల్‌లో మాత్రం దానికీ పచ్చ టిక్కే పెట్టింది. రాసిన ఇమేజ్‌ని మళ్ళీ చదివి సరిచూసే 'వెరిఫై' ఆప్షన్ ఉంది, కానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఎందుకని అడిగితే 'ఆన్ చేస్తే బ్యాకప్ ఆలస్యమవుతుంది' అన్నారు.

స్పీడ్ విషయంలో కొంత తప్పు మాదే, అదీ చెప్పాలి. గిగాబిట్ లింకు మీద కాగితం లెక్క సెకనుకు 125 మెగాబైట్లు, ఆచరణలో 110 దాకా వస్తుంది. 240 గిగాబైట్ల డేటాకి సుమారు 36 నిమిషాలు. ఒక మెషీన్‌కి అయిదున్నర గంటలు పడుతుంటే సాఫ్ట్‌వేర్‌నే తిట్టాను. తీరా చూస్తే కేబుల్‌లో ఒక జత తెగి, లింకు 100 మెగాబిట్‌కి పడిపోయింది. అంటే సెకనుకు 12 మెగాబైట్లే. దానికి కంపెనీని అనను. కానీ ఒకే ఇమేజ్‌ని అన్ని మెషీన్లకీ ఒక్కసారే పంపే మల్టీకాస్ట్ గురించి మాత్రం అంటాను. డెమోలో అరిచేతిలో వైకుంఠం చూపించారు, కొన్నాక అది వేరే లైసెన్స్ అన్నారు.

ఇదంతా ట్రయల్‌లోనే ఎందుకు చూసుకోలేదని అడుగుతారు. ట్రయల్‌లో బ్యాకప్ తీయనిస్తుంది, రీస్టోర్ బటన్‌కి తాళం వేసి ఉంటుంది, 'కొన్న తర్వాత అందుబాటులోకి వస్తుంది' అని. అప్పుడే వదిలేసి రావాల్సింది. పెళ్ళికూతురి ముఖం తాళి కట్టాకే చూపిస్తామన్నట్టుంది వ్యవహారం. రీఫండ్ గడువు 30 రోజులు. రీస్టోర్ అవసరం మాకు వచ్చింది నాలుగో నెలలో.

ఇప్పుడు మీరు కొనబోతుంటే, అమ్మేవాళ్ళ మాటలు పక్కన పెట్టి ఒక్క పని చేయండి. ఒక ఖాళీ డిస్క్ తీసుకోండి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా కొత్త మెషీన్‌లో పెట్టండి. పాతదాంట్లో అన్నీ నడుస్తాయి, పేచీ పెట్టేది కొత్తదే. వాళ్ళ రెస్క్యూ డిస్క్‌తో బూట్ చేసి, సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీదుగానే ఇమేజ్ ఎక్కించి, విండోస్ లేచి లాగిన్ అయ్యేదాకా చూడండి. బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న మెషీన్ ఉంటే దానితో ఇంకోసారి చేయండి, రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకుని. తాళం తీయని డ్రైవ్‌ని బయటినుంచి ఇమేజ్ తీస్తే ఎక్కడ డేటా ఉందో, ఎక్కడ ఖాళీయో దానికి తెలియదు. డిస్క్ మొత్తం సెక్టర్ సెక్టర్‌గా కాపీ చేస్తుంది, ఒక టెరాబైట్ డిస్క్‌కి ఒక టెరాబైట్ ఇమేజ్ అవుతుంది. ఈ పరీక్షకి ట్రయల్ ఒప్పుకోకపోతే కొనకండి.

ఇమేజ్ ఫైల్ ఫార్మాట్ గురించీ అడగండి. వాళ్ళ ప్రోగ్రామ్ తప్ప ఇంకేదీ తెరవలేని ఫార్మాట్ అయితే, ఆ ప్రోగ్రామ్ ఆగిపోయిన రోజు మీ గతేంటి? డిస్క్ ఇమేజింగ్ అంటే ఒకప్పుడు అందరి నోటా వినిపించిన నార్టన్ ఘోస్ట్ అమ్మకాలే 2013లో ఆపేశారు.

నేను ప్రస్తుతానికి క్లోన్‌జిల్లా అనే ఇమేజింగ్ ప్రోగ్రామ్‌తో నడిపిస్తున్నా. ఉచితం. సాంబా షేర్‌కైనా, ఎన్‌ఎఫ్‌ఎస్‌కైనా, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కైనా (ఇవి నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంపే వేర్వేరు పద్ధతులు) ఇమేజ్ పంపుతుంది. డేటా ఉన్న బ్లాకుల్నే తీస్తుంది. తీసిన ఇమేజ్ తిరిగి ఎక్కించడానికి పనికొస్తుందో లేదో పని అవ్వగానే సరిచూసుకుంటుంది. సుఖం మాత్రం తక్కువ. మెషీన్ ఆపి బూట్ చేసి తీయాలి, తెరలన్నీ నీలం రంగు పాతకాలం మెనూలు. మామూలుగా అయితే పాతదానికన్నా చిన్న డిస్క్‌లోకి ఎక్కించదు కూడా. అందుకే నెలకోసారి ఇమేజ్ దాంతో తీసి, రోజువారీ ఫైళ్ళకి వేరే ఏర్పాటు చేసుకున్నా. బ్యాకప్ సర్వర్ షేర్‌ని ఏ మెషీన్‌లోనూ డ్రైవ్‌లా తగిలించి ఉంచడం లేదు. రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్నదాన్ని కూడా లాక్ చేసి పోతుంది.

కంపెనీ వాళ్ళ తాజా జవాబు: 'సమస్య మీ నెట్‌వర్క్‌ది, మా సాఫ్ట్‌వేర్‌ది కాదు.' స్విచ్ ఆగింది నిజమే. ఆగిందని తెలిసి కూడా పచ్చ టిక్కు పెట్టింది ఎవరని తిరిగి రాశాను. ఇంకా జవాబు లేదు.

ఇలాంటిది ఇప్పటికే వాడుతున్నవాళ్ళు కన్సోల్ మూసేసి, అసలు లాగ్ ఫైల్ తెరిచి 'హెచ్చరిక' అన్న మాట కోసం వెతకండి. మా లాగ్‌లో అది మూడు మెషీన్ల కింద కనిపించింది. అకౌంట్స్ మెషీన్‌ది కొన్న పదకొండో రోజున పడింది, రీఫండ్ గడువుకి ఇంకా 19 రోజులు ఉండగానే.