పాత ఆటోమేటిక్ కారులో వణుకు: వెయ్యి రూపాయల లోపు ఓబీడీ స్కానర్, చాలాకాలం వాడాక

ఓబీడీ స్కానర్ అంటే బండిలోని సాకెట్‌కు తగిలిస్తే బండి కంప్యూటర్ లెక్కల్ని ఫోన్ యాప్‌లో చూపించే చిన్న పరికరం. ఈ బ్లూటూత్ స్కానర్‌ను మెచ్చుకోవడానికి నాకు ఒక్క కారణం చాలు. ఇంజిన్ ఆర్‌పీఎంనూ (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ఆ అంకె) బండి వేగాన్నీ ఒకే గ్రాఫ్‌లో గీసి, భద్రపరిచి చూపిస్తుంది. ఎర్రర్ కోడ్‌లు చదవడం, చెరపడం ఏ స్కానరైనా చేసేదే, వాటి గురించి రాయడం దండగ. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న పాత ఆటోమేటిక్ నడిపేవాళ్లకు ఆ రెండు గీతలే విలువైనవి, ఎందుకంటే గేర్‌బాక్స్ దించాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు వాటిలోనే ఉంటుంది.

బండి 2013 తయారీ పెట్రోల్ సెడాన్, 4-స్పీడ్ ఆటోమేటిక్. వణుకు లక్షణం ఇది: ఇంజిన్ బాగా వేడెక్కాక, 60–80 వేగంలో, టాప్ గేర్‌లో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి చిన్న ఎత్తు ఎక్కేటప్పుడు, రోడ్డు మీద వరుసగా వేసిన రంబుల్ పట్టీల మీద పోతున్నట్టు ఒకటి రెండు సెకన్లు బండి మొత్తం దడదడలాడుతుంది. కాలు గట్టిగా తొక్కితే పోతుంది, పూర్తిగా తీసేసినా పోతుంది. ఈ వర్ణన వినగానే ఏ షెడ్డులోనైనా వచ్చే మాట ‘కన్వర్టర్ పోయింది’. ఆ మాటలో తర్కం లేకపోలేదు. కన్వర్టర్ లోపల ఇంజిన్ వైపు ఫ్యానుకూ గేర్‌బాక్స్ వైపు ఫ్యానుకూ మధ్య మామూలుగా ఆయిల్ ప్రవాహమే శక్తిని అందిస్తుంది. నిలకడ వేగంలో మాత్రం లాకప్ క్లచ్ ఆ రెండింటినీ నేరుగా పట్టేస్తుంది. ఆయిల్‌లో కలిపిన, క్లచ్ నున్నగా పట్టేలా చేసే ఫ్రిక్షన్ మాడిఫయర్ అరిగిపోయినా, క్లచ్ లైనింగ్ నునుపెక్కినా, ఆ క్లచ్ పట్టి వదిలి, పట్టి వదిలి బండిని వణికిస్తుంది.

చిక్కు ఏమిటంటే, ఇంజిన్ మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం) కూడా అచ్చం అక్కడే, అలాగే కనిపిస్తుంది. లాకప్ పట్టిందంటే ఇంజిన్ కుదుపును మింగే ఆయిల్ మెత్తదనం పోయినట్టే. పైగా తక్కువ ఆర్‌పీఎం, టాప్ గేర్, చిన్న ఎత్తు కలిస్తే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాప్ పెరిగిన ప్లగ్గు, బూటు (ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు తొడుగు) చిట్లిన కాయిలు (ప్లగ్గుకు హై వోల్టేజీ ఇచ్చేది) మొదట చేతులెత్తేసేది అక్కడే.

అందుకే అందరూ చెప్పే బ్రేకు పరీక్షను ఒక్కదాన్నే నమ్మడానికి లేదు. వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ కదపకుండా, ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. వెనక ఎవరూ లేని రోడ్డు మీదే. బ్రేకు స్విచ్ సంకేతం అందగానే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. వణుకు ఆగితే తప్పు లాకప్‌దే అంటారు. కానీ మిస్సింగ్ అయినా ఆయిల్ మళ్లీ కుదుపును మింగేస్తుంది కాబట్టి వణుకు తగ్గినట్టే ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతో మంచి కన్వర్టర్‌ను దించిన బండ్లు తక్కువేం కావు.

ఇక్కడే గ్రాఫ్ అక్కరకొస్తుంది. లాకప్ పూర్తిగా పట్టినప్పుడు ఆర్‌పీఎంకూ వేగానికీ నిష్పత్తి స్థిరంగా ఉండి తీరాలి. లెక్క తేలికే. చక్రం చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు, టాప్ గేర్, ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందుండే చివరి గేరు జత) కలిపి నిష్పత్తి 2.8 అనుకుంటే, 70 వేగానికి సుమారు 1,720 ఆర్‌పీఎం, 80కి 1,965 రావాలి. లాకప్ వదిలితే అదే వేగానికి రెండొందల దాకా పైకి లేస్తుంది. వణుకుతున్న క్షణంలో ఆర్‌పీఎం లెక్కకొచ్చిన ఆ అంకెకే అతుక్కుని ఉంటే క్లచ్ జారడం లేదు, తప్పు వేరే చోట ఉంది. 1,720 దగ్గర నిలవకుండా 1,800 దాకా పోయి వస్తుంటే క్లచ్ జారుతోంది.

మొదటిసారి వణుకు వచ్చినప్పుడు గీత కదల్లేదు. ఇంజిన్ లైటూ వెలగలేదు, కోడూ లేదు. అలా ఉండటం మామూలే. కంప్యూటర్ మిస్సింగ్‌ను ఇంజిన్ 200, 1,000 చుట్ల చొప్పున లెక్కగట్టి, హద్దు దాటితేనే పి0300 నుంచి పి0304 దాకా ఏదో ఒక కోడ్ పెడుతుంది. రెండు సెకన్ల వణుకు చాలాసార్లు ఆ హద్దును చేరదు. అయితే లెక్క మాత్రం మోడ్ 06లో (కంప్యూటర్ తన సొంత పరీక్షల ఫలితాలు దాచుకునే పేజీ) ఉంటుంది. యాప్‌లో ఆ పేజీ తెరిస్తే ఎ2 నుంచి ఎ5 దాకా నాలుగు వరసలు, అంటే నాలుగు సిలిండర్లు. ఒక్కోదాని కింద 0బి గత పది ప్రయాణాల సగటు, 0సి ఈ ప్రయాణపు లెక్క. మూడింట్లో సున్నా, రెండో సిలిండర్‌లో మాత్రం ఎత్తు ఎక్కినప్పుడల్లా అంకె పెరుగుతోంది. రెండో కాయిలును మూడోదానికి మార్చి మళ్లీ నడిపితే లెక్క మూడో సిలిండర్‌కు పోయింది. దోషం కాయిలుదే. అలా మారకపోయి ఉంటే ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ చూడాలి. కాయిలుతో పాటు నాలుగు ప్లగ్గులూ మార్చడం మంచిది. అరిగిన ప్లగ్గును ఉంచేస్తే కొత్త కాయిలు బూటూ త్వరగా చిట్లుతుంది. గేర్‌బాక్స్ మీద చెయ్యి వేయకుండానే వణుకు పోయింది. ఇంత చిన్న పరికరం ఇంత పెద్ద ఖర్చు తప్పించడం చూసి నిజంగా ఆనందం వేసింది.

చాలా నెలల తర్వాత వణుకు మళ్లీ వచ్చింది. ఈసారి సిలిండర్ల లెక్క నాలుగూ సున్నా, ఆర్‌పీఎం మాత్రం 1,720–1,800 మధ్య నిలకడ లేకుండా ఉంది. బ్రేకు తాకగానే 1,900 దాటి నున్నగా సాగింది. ఇది అసలైన లాకప్ వణుకు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గోధుమ రంగులో ఉంది, మాడు వాసన లేదు. గులాబీ రంగు నురగ కనిపిస్తే కథ వేరు: రేడియేటర్ లోపలి కూలర్ కారి నీళ్లు ఆయిల్‌లో కలిసినట్టు. నీళ్లు తాగిన లైనింగ్ జిగురు ఊడిపోతుంది, అప్పుడు ఆయిల్ మార్చినా ఫలితం ఉండదు.

ఆయిల్ ఒక్కసారి దించి పోస్తే సరిపోదు. మొత్తం పట్టేది ఆరు లీటర్లయితే డ్రెయిన్‌లో దిగేది రెండున్నరే, మిగతాది కన్వర్టర్‌లోనూ పైపుల్లోనూ ఉండిపోతుంది. మధ్యలో అన్ని గేర్లూ పడేలా, లాకప్ పట్టేలా నడుపుతూ మూడుసార్లు మార్చాలి. ఏడున్నర లీటర్లు పోశాక పాతది ఇరవై శాతం దాకా మిగులుతుంది. ఎంత దిగిందో కొలిచి అంతే పోయాలి, డ్రెయిన్ ప్లగ్ వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. ఏ ఆయిల్ అన్నదాంట్లో రాజీ వద్దు. ఎస్‌పీ-3, డబ్ల్యూఎస్ వంటివి గేర్‌బాక్స్ ఆయిల్ రకాల పేర్లు. ఎస్‌పీ-3 పోయమని కంపెనీ చెప్పిన పెట్టెలో (గేర్‌బాక్స్‌లో) ఎస్‌పీ-3కి సరిపోయేదే, డబ్ల్యూఎస్ చెప్పినదాంట్లో అదే. ‘అన్ని బండ్లకూ పనికొస్తుంది’ అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన పోయకండి. లెవెల్ చూసే పద్ధతి కూడా పెట్టెను బట్టి మారుతుంది. ఎక్కువ వాటిలో ఇంజిన్ నడుస్తుండగా చూడాలి, కొన్నింటిలో ఆపిన నిమిషం, నిమిషంన్నర లోపు చూడాలి. మాన్యువల్ చూడకుండా పోస్తే ఎక్కువో తక్కువో అవడం ఖాయం.

మూడో మార్పు తర్వాత గీత నిలబడింది. ఎండాకాలం ఏసీ వేసుకుని పొడవాటి ఎత్తు ఎక్కేటప్పుడు అప్పుడప్పుడూ చిన్న అదురు ఇంకా ఉంది. లైనింగ్ కొంత అరిగిందనే నా అంచనా, దాన్ని ఆయిల్ బాగుచేయలేదు.

ఇక స్కానర్ సంగతి. పైన మెచ్చుకున్న గ్రాఫ్‌కు హద్దులున్నాయి. వేగం పూర్తి అంకెల్లోనే వస్తుంది. 70 దగ్గర ఒక్క కిలోమీటరు తేడా అంటే 25 ఆర్‌పీఎం. కాబట్టి ముప్ఫై లోపు జారుడు ఇందులో తేలదు. సెకనుకు నాలుగైదు రీడింగులే కాబట్టి వణుకు అలలు కనబడవు, సగటు జారుడు మాత్రమే కనబడుతుంది. యాప్‌లో మిగతా మీటర్లన్నీ తీసేసి ఈ రెండే అడిగితే కాస్త వేగంగా వస్తాయి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడి, లాకప్ సోలెనాయిడ్‌కు (లాకప్‌ను పట్టించి వదిలించే విద్యుత్ వాల్వుకు) కంప్యూటర్ ఇచ్చే ఆదేశం మామూలు జాబితాలో ఉండవు, కంపెనీ కోడ్‌లు చేత్తో ఎక్కించాలి, అవీ అన్ని బండ్లకూ దొరకవు. మోడ్ 06 లెక్కలు బండి కంప్యూటర్ ఇస్తేనే వస్తాయి. మన దగ్గర ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి, అంతకుముందు బండ్లకు ఆశ పెట్టుకోవద్దు. వెర్షన్ ‘2.1’ అని రాసిన చవక నకలు స్కానర్లు చాలావాటిలో కొన్ని ఆదేశాలే ఉండవు. సాకెట్‌లో వదిలేస్తే బండి ఆపినా కరెంటు తాగుతూనే ఉంటుంది, వారం కదలని బండి స్టార్ట్ కాకపోవచ్చు. నడిపేవాళ్లు ఫోన్ చూడకూడదు. రికార్డింగ్ పెట్టుకుని ఇంటికొచ్చి చూసుకోవాలి.

వణుకన్నవన్నీ దీంతో తేలవు కూడా. న్యూట్రల్‌లోకి వేసినా ఆగని అదురు చక్రాలదీ టైర్లదీ. డీ లో బ్రేకు మీద నిలబడి ఉన్నప్పుడు వణికి, ఎన్ లో తగ్గితే ముందు ఇంజిన్ మౌంటింగులు చూడండి. 30–60 మధ్య గట్టిగా తొక్కినప్పుడే పక్కలకు ఊగితే లోపలి డ్రైవ్ షాఫ్ట్ జాయింట్.

నా బండి పాతది, పెట్టె టార్క్ కన్వర్టర్‌ది, దగ్గర్లో ఆటోమేటిక్ పనిచేసే మెకానిక్ లేడు. ఈ మూడూ కలిసినందువల్లే నాకిది కొనదగ్గదనిపించింది. సీవీటీ, ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ అనే వేరే రకం ఆటోమేటిక్ బండ్లలో పైన రాసిన నిష్పత్తి లెక్క ఇలాగే వర్తించదు, వాటి కోసం కొనే ముందు ఆగండి. వారంటీలో ఉన్న బండి అయితే షోరూమ్‌వాళ్ల స్కానర్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను నేరుగా చదువుతుంది కాబట్టి అక్కడికే తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు వణుకు ఏ వేగంలో, ఏ వేడిలో, కాలు ఎంత తొక్కినప్పుడు వస్తుందో రాసుకుని వెళ్లి, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అదే ఎత్తు మీద నడిపి చూపించండి.