టెక్ సదస్సుకు మోసుకెళ్ళే సంచి: చాలాకాలం వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను, పెద్ద టెక్ కాన్ఫరెన్సులో టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యేది హాలు బయటే. కీనోట్లు (ముఖ్య ప్రసంగాలు), టాక్‌లు చాలామటుకు తర్వాత యూట్యూబ్‌లోకి వచ్చేస్తాయి. ఇంట్లో కాళ్ళు చాపుకుని ఒకటిన్నర స్పీడులో చూసుకోవచ్చు. కారిడార్లో, టీ దగ్గర, భోజనాల లైన్లో జరిగే మాటల్ని మాత్రం ఎవరూ రికార్డు చెయ్యరు. నా సంచిలో ఏది ఉండాలి, ఏది ఇంట్లో వదిలెయ్యాలి అన్న లెక్కంతా దీన్నిబట్టే.

వైజాగ్‌లో మధురవాడ వైపు ఒక కంపెనీలో బ్యాకెండ్ పని (సర్వర్ల వైపు ప్రోగ్రామింగ్) నాది. వైజాగ్‌లో జరిగేవాటికీ, హైదరాబాద్, బెంగళూరుల్లో జరిగేవాటికీ ఏళ్ళ తరబడి తిరుగుతున్నాను. కొత్తగా చేరిన పిల్లలు ప్రతి సీజన్లోనూ "అక్కా, ఏం పట్టుకెళ్ళాలి?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళకోసమే ఇది.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు ఒక చిన్న నోటు పుస్తకానికి వేస్తాను. అరచేతిలో పట్టేది, స్పైరల్ లేనిది, ఒక బాల్ పెన్నుతో సహా. ట్యాబ్లెట్, స్టైలస్ కూడా కొన్నాళ్ళు వాడి చూశాను, బాగానే ఉంటాయి. కానీ ఎదుటి మనిషి చేతికి ట్యాబ్లెట్ ఇచ్చి "గీసి చూపించండి" అంటే మొహమాటపడతాడు. పుస్తకం ఇస్తే చటుక్కున గీసేస్తాడు.

ఆమధ్య ఊళ్ళోనే ఒక సదస్సులో భోజనాల లైన్లో నిలబడ్డాం. నా ముందున్న కుర్రాడు ప్లేటు పట్టుకుని వాళ్ళ కష్టం చెప్పుకొస్తున్నాడు. "మాకు డేటాబేస్ కనెక్షన్లు అయిపోతున్నాయక్కా. మ్యాక్స్ కనెక్షన్స్ వంద ఉంటే అయిదొందలు చేశాం, ఇంకా స్లో అయిపోయింది." వెనకాల ఉన్న పెద్దాయన మాట అందుకున్నాడు. "ఒక్కో కనెక్షన్‌కీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కో ప్రాసెస్ పుట్టిస్తుంది బాబూ. అంకె పెంచితే ఏమొస్తుంది? కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పూలర్ మధ్యలో పెట్టుకో." నా పుస్తకం తీసుకుని ఎడమపక్క గీతలు గుత్తులుగా గీసి, మధ్యలో పీజీబౌన్సర్ (అలాంటి పూలరే) అని ఒక డబ్బా, కుడిపక్క నాలుగే గీతలు గీశాడు. "ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే ఒక్కో ట్రాన్సాక్షన్ వరకే కనెక్షన్ ఇచ్చేలా పెడితే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసుకున్న క్వెరీలు) దెబ్బతింటాయి కదండీ?" అన్నాను. "2023లో వచ్చిన 1.21 వెర్షన్ నుంచి ఆ బాధ తగ్గిందమ్మా, దానికో సెట్టింగు ఉంది, డాక్స్ చూసుకోండి" అన్నాడు. పప్పు దగ్గరికి వచ్చేసరికి కుర్రాడి సమస్య సగం తీరిపోయింది. నేను వెళ్దామనుకున్న టాక్ కూడా ఆపాటికి సగం అయిపోయింది, దాన్ని తర్వాత ఇంట్లో చూశాను. ఆ బొమ్మ ఉన్న కాగితం ఇప్పటికీ నా డెస్కు మీదే ఉంది.

హారిసన్ ఓవెన్ అనే ఆయన 1980ల్లో ఓపెన్ స్పేస్ సమావేశాల (చర్చాంశాలు వచ్చినవాళ్ళే పెట్టుకునేవి) పద్ధతి తెచ్చినప్పుడు "రెండు కాళ్ళ సూత్రం" అని ఒకటి పెట్టాడు. కూర్చున్నచోట నేర్చుకోవడమూ లేదు, మనం చెప్పేదీ లేదు అనిపిస్తే లేచి వేరేచోటికి పొమ్మంటాడు. మనవాళ్ళకి ఇది కాస్త కష్టం, మధ్యలో లేస్తే స్పీకర్‌కి అమర్యాద అనుకుంటాం. చివరి వరసలో, అంచు కుర్చీలో కూర్చుంటే ఆ బాధ ఉండదు. ఎరిక్ హోల్షర్ అనే ప్రోగ్రామర్ చెప్పిన పాక్‌మ్యాన్ రూల్ కూడా బాగా పనిచేస్తుంది. నలుగురు గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటున్నప్పుడు ఇంకొకరు వచ్చి చేరడానికి పాక్‌మ్యాన్ ఆటలో తెరిచిన నోరులా ఎప్పుడూ ఒక ఖాళీ వదలమంటాడు. ఒంటరిగా వచ్చిన అమ్మాయిలకి ఆ ఖాళీ విలువ బాగా తెలుస్తుంది.

రెండో స్థానం ఎక్స్‌టెన్షన్ బాక్సుది. నాలుగు సాకెట్లు, రెండు యూఎస్‌బీ పోర్టులు, మీటరున్నర వైరు ఉన్న చిన్నది చాలు. హాళ్ళలో ప్లగ్గులు గోడ మొదట్లో ఎక్కడో ఒకటి ఉంటాయి, దాన్ని ఎవరో ముందే ఆక్రమించి ఉంటారు. వెళ్ళి "అన్నా, ఒక్కసారి తీసి ఇందులో పెడదామా? మీదీ నడుస్తుంది, నాదీ నడుస్తుంది" అంటే కాదనేవాడు లేడు. పది నిమిషాల్లో నలుగురు చుట్టూ చేరతారు. పరిచయాలకి ఇంతకన్నా తేలిక దారి నేను చూడలేదు. ఒక్కటే జాగ్రత్త, వైరు జనం నడిచే దారిలో పరవకండి.

పవర్ బ్యాంక్ మీద నా అభిప్రాయం కాలంతోపాటు మారింది. డబ్బా మీద రాసిన అంకె లోపలి సెల్ వోల్టేజీ లెక్కన, అంటే 3.7 వోల్టుల లెక్కన రాసింది. ఫోనుకి 5 వోల్టులకి మార్చి ఇచ్చేసరికి, మధ్యలో వేడిగా పోయింది పోగా, 10,000 ఎంఏహెచ్‌లో చేతికి వచ్చేది ఆరువేల చిల్లరే. ఒక్కరోజు కార్యక్రమానికి అది చాలు. ల్యాప్‌టాప్‌ని కూడా బతికించాలంటేనే 20,000ది కొనండి, అదీ యూఎస్‌బీ-సి పవర్ డెలివరీ ఉన్నదే. విమానంలో వెళ్ళేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. అనుమతి అడగకుండా తీసుకెళ్ళగలిగే పరిమితి 100 వాట్-అవర్లు. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు, కాబట్టి ఫరవాలేదు. కాకపోతే చెక్-ఇన్ బ్యాగులో వెయ్యకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. ఏళ్ళు గడిచేకొద్దీ కెపాసిటీ తగ్గడం మామూలే. పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఆరోజే ఈ-వేస్ట్ వాళ్ళకి ఇచ్చెయ్యండి.

నెట్ సంగతి. సదస్సు వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు. నిర్వాహకులు ఎంత ఖర్చుపెట్టినా వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్ళు 1, 6, 11 మూడే. ఆ బ్యాండ్‌లో ఉన్న ఫోన్లన్నీ వాటినే పంచుకోవాలి, పైగా మధ్యలో ఉన్న మనుషుల ఒళ్ళే సిగ్నల్‌ని పీల్చేస్తాయి. అందరూ తలో హాట్‌స్పాట్ పెట్టేసరికి ఇంకా గలాటా. నేను చేసేది ఫోన్ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్, అంటే ఫోను నెట్‌ని వైరు ద్వారా ల్యాప్‌టాప్‌లో వాడుకోవడం. వైఫై గోల ఉండదు, ఫోను ఛార్జి కూడా అవుతుంది. వర్క్‌షాపు ఉంటే డాకర్ ఇమేజిలు, రిపోలు (దానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్, కోడ్) ముందురాత్రే ఇంటి నెట్‌లో దింపుకోండి. టికెట్ క్యూఆర్‌ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో ఉంచుకోండి. జేబులో కొంచెం చిల్లర నోట్లు పెట్టుకోండి, అందరూ ఒకేసారి స్కాన్ చేస్తుంటే ఫుడ్ స్టాల్ దగ్గర యూపీఐ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

బట్టల విషయంలో వైజాగ్ సదస్సులది ప్రత్యేకమైన చిక్కు. బయట ఉక్కపోత, లోపల ఏసీకి పళ్ళు టకటకలాడే చలి. పల్చటి చున్నీయో, జిప్పున్న స్వెట్‌షర్టో తప్పనిసరి. బయట ఆటో దిగి లోపలికి నడిచేలోపే చెమట పడుతుంది కాబట్టి ఒక మార్పు టాప్ కూడా పెట్టుకుంటాను. బూట్లు పాతవి, కాలికి అలవాటైనవి వేసుకోండి. ఎగ్జిబిషన్ హాల్లో కార్పెట్ కింద ఉండేది కాంక్రీటే, సాయంత్రానికి మడమలకి తెలిసిపోతుంది. కుర్తీలకి జేబులు పెట్టరు కాబట్టి అమ్మాయిలు చిన్న అడ్డసంచి ఒకటి వేసుకోవాలి. ట్రాలీ బ్యాగు మాత్రం వద్దు.

ఊరి గురించి రెండు ముక్కలు. పెద్ద సదస్సులు ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో పెడుతుంటారు. 2023 మార్చిలో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్, 2025 నవంబరులో పరిశ్రమల సమాఖ్య సీఐఐ భాగస్వామ్య సదస్సు అక్కడే జరిగాయి. ఆ స్థాయివి జరిగేటప్పుడు ట్రాఫిక్ మళ్ళింపులు ఉంటాయి, సొంత బండి పెట్టుకుని చుట్టూ తిరిగేకన్నా మద్దిలపాలెంలో దిగి నడవడం నయం. రుషికొండ వైపు హోటళ్ళలో పెట్టేవాటికి వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది, రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఆటోలకి కటకట. సాయంత్రమే నలుగురు కలిసి ఒక క్యాబ్ మాట్లాడుకోండి. అక్టోబరు, నవంబరు మాకు తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే. పై ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే టికెట్లే తీసుకోండి.

హైదరాబాద్ వెళ్ళాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్సే నా ఓటు. సాయంత్రం ఎక్కి పొద్దున్నే దిగొచ్చు, రిజిస్ట్రేషన్ లైను పెరక్కముందే చేరిపోతాం. వందేభారత్ సుఖంగానే ఉంటుంది, కానీ వైజాగ్‌లో తెల్లవారగానే ఎక్కినా సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. మొదటిరోజు పోయినట్టే.

సంచిలో చివరి వస్తువు చూసి మా టీమ్‌లో నవ్వుతారు. మాడుగుల హల్వా పొట్లాలు. ఫ్రిజ్ లేకపోయినా నాలుగు రోజులు బాగానే ఉంటుంది. స్పీకర్ వేదిక దిగగానే జనం మూగుతారు, అప్పుడు పోకండి. సాయంత్రం టీ వేళ ఒక్కరే దొరికినప్పుడు పొట్లం చేతిలో పెట్టి, ఆయన టాక్‌లోంచి ఒకే ఒక్క ప్రశ్న అడగండి. విదేశాలనుంచి వచ్చినవాళ్ళకైతే అరకు కాఫీ పొడి ఇస్తాను. విజిటింగ్ కార్డు తీసుకున్నవాళ్ళు మర్చిపోతారు కానీ, హల్వా తిన్నవాళ్ళు మెయిల్‌కి జవాబిస్తారు. ఆ మెయిల్ రెండు మూడు రోజుల్లోపే రాయాలి, ఏం మాట్లాడుకున్నామో ఒక వాక్యంలో గుర్తుచేస్తూ.

సదస్సు వాళ్ళ యాప్‌కి నా రేటింగ్ తక్కువే. షెడ్యూలు మారితే తెలియడానికి ఉంచుకుంటాను, అంతే. ఏరోజుకారోజు పొద్దున తప్పకుండా వెళ్ళాల్సినవి రెండో మూడో పుస్తకంలో రాసుకుని, తక్కిన గంటలు ఖాళీగా వదిలేస్తాను.

స్టాళ్ళ దగ్గర బ్యాడ్జి స్కాన్ చెయ్యనిచ్చే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ బీప్‌తో మీ ఫోన్ నంబరు, మెయిల్ వాళ్ళ సేల్స్ జాబితాలోకి పోతాయి. రిజిస్ట్రేషన్లోనే జీమెయిల్ పేరు చివర ప్లస్ గుర్తు, దాని తర్వాత సదస్సు పేరు పెట్టి ఇస్తే తర్వాత వచ్చే చెత్తంతా ఒక ఫిల్టర్‌తో ఊడ్చెయ్యొచ్చు. ఉచితంగా ఇచ్చే టీషర్టుల కోసం అరగంట లైన్లో నిలబడకండి. నాకు సరిపోయే సైజు ఎప్పుడూ ముందే అయిపోతుంది, మిగిలేవన్నీ ఎక్స్‌ఎల్‌లే. మా ఇంట్లో వాటితో స్కూటీ తుడుస్తున్నాం.