మార్కెట్ నెలల తరబడి పడుతుంటే సిప్ ఆపాలా, కొనసాగించాలా, అమ్మేయాలా?

2024 సెప్టెంబరు చివర్లో 26,277 దాకా ఎక్కిన నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ), ఆ తర్వాత వరసగా ఐదు నెలలు నష్టాల్లోనే ముగిసింది. 1996 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఒక్కరోజులో కుప్పకూలితే గుండె దిటవు చేసుకుంటాం గానీ, రోజూ కొంచెం కొంచెం కరిగిపోతుంటే ఓపిక నశిస్తుంది. 2025 ఫిబ్రవరిలో కొత్తగా మొదలైన సిప్‌ల (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత సొమ్ము కట్టే పద్ధతి) కంటే, గడువు తీరినవీ కలిపి, ఆగిపోయినవే ఎక్కువ.

అమ్మేసి ఎఫ్‌డీలో వేసుకుంటే టెన్షన్ తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అది చిన్న లాభమేమీ కాదు. చిక్కల్లా మళ్లీ ఎప్పుడు రావాలన్నదే. 2008 జనవరిలో 21,000 తాకిన మరో షేర్ల సూచీ సెన్సెక్స్, 2009 మార్చి 9న 8,160 దగ్గర ముగిసింది. అదే ఏడాది మే 18న, ఎన్నికల ఫలితాలు వచ్చాక మార్కెట్ తెరిచిన తొలిరోజున, ఏకంగా 2,110 పాయింట్లు ఎగబాకింది. తెరవగానే అప్పర్ సర్క్యూట్ (ఒక్కరోజులో పెరగడానికి ఉన్న హద్దు) తగిలి ట్రేడింగ్ ఆగింది. కుదుటపడ్డాక కొందామని బయట నిలబడ్డవాళ్లకు ఆ రోజు కొనే సందే దొరకలేదు.

ఉన్న యూనిట్లు (ఫండ్‌లో మన వాటాలు) కదపకుండా సిప్ మాత్రం ఆపడం అంతకంటే నయం. కానీ చౌకగా దొరికే నెలలనే వదులుకున్నట్టు అవుతుంది. నెలకు 5,000 కట్టేవారికి ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ ధర) 100 ఉంటే 50 యూనిట్లు, 80కి పడితే 62.5 యూనిట్లు వస్తాయి. మూడో నెలలో మళ్లీ 100కి చేరితే, కట్టిన 15,000 విలువ 16,250 అవుతుంది. మార్కెట్ బయల్దేరిన చోటికే వచ్చినా లాభమే. అందుకే ఉద్యోగం నిలకడగా ఉండి, ఆరు నెలల ఖర్చులు విడిగా దాచుకున్నవాళ్లు సిప్ కొనసాగించడమే మేలని నా గట్టి నమ్మకం.

ఈ లెక్కను ఒకే కంపెనీ షేరుకు వర్తింపజేయడం మాత్రం ప్రమాదం. 2008 డిసెంబరులో యజమాని కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొనబోయిన వ్యవహారంతో సత్యం షేరు పడినప్పుడు, సగటు కొనుగోలు ధర తగ్గుతుందని ఇంకా కొన్నవాళ్లు ఉన్నారు. 2009 జనవరి 7న ఖాతాల మోసం బయటపడి ఆ షేరు ఒక్కరోజే మూడొంతులకు పైగా విలువ పోగొట్టుకుంది. సూచీలో ఒక కంపెనీ మునిగితే దాని స్థానంలో ఇంకొకటి వస్తుంది. విడి షేరుకు ఆ వీలు లేదు.

సూచీ త్వరగా కోలుకుంటుందన్న హామీ కూడా లేదు. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని దాటింది 2024 ఫిబ్రవరిలో! కాబట్టి రెండు మూడేళ్లలో పిల్లల ఫీజులకో, ఇంటి రిజిస్ట్రేషన్‌కో కావాల్సిన సొమ్ము ఈక్విటీలో, అంటే షేర్లలోనో షేర్ల ఫండ్లలోనో ఉంటే, నష్టమైనా అందులో కొంతైనా తీసేయడం సరైనదే. ఆ నష్టాన్ని పన్ను లెక్కలో ఎనిమిదేళ్ల వరకు మూలధన లాభాలతో (షేర్లు, ఫండ్ల వంటివి అమ్మితే వచ్చే లాభాలతో) సర్దుబాటు చేసుకోవచ్చు, అయితే ఆదాయపు పన్ను రిటర్ను గడువులోగా వేయాలి. చేతిలో డబ్బు ఆడక ఇబ్బందైతే, చాలా ఫండ్లలో సిప్‌ను కొన్ని నెలలు పాజ్ చేసే వీలుంది. వాయిదా తేదీకి ముందే ఆ పని చేయండి. ఖాతాలో డబ్బు లేక వాయిదా బౌన్సైతే బ్యాంకు చార్జీ వేస్తుంది.