సరిహద్దులు పూర్తిగా తెరవాలా, మూసెయ్యాలా, మెల్లగా సడలించాలా: ఏది మేలు?

ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2024 మధ్య నాటికి పుట్టిన దేశం వదిలి వేరే దేశంలో ఉంటున్నవాళ్లు సుమారు 30 కోట్ల 40 లక్షల మంది. ప్రపంచ జనాభాలో ఇది నాలుగు శాతం కూడా కాదు. వీసా ఆంక్షల వల్లే ఇంత తక్కువ అనొచ్చు, అందులో కొంత నిజం ఉంది. కానీ యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశానికైనా వెళ్లి పనిచేసుకునే హక్కు ఉన్నా, అత్యధికులు సొంత దేశంలోనే ఉండిపోయారు. ఊరూ, భాషా, అమ్మానాన్నలనూ వదిలి వెళ్లడం ఎవరికైనా కష్టమే. తెరిస్తే లోకమంతా వచ్చి పడుతుందన్న భయం అందుకే నాకు అతిగా అనిపిస్తుంది.

ముందు మూసెయ్యడం సంగతి. మెక్సికో కూలీలను అమెరికా పొలాల్లో పనికి చట్టబద్ధంగా రప్పించిన బ్రసేరో పథకం 1942 నుంచి 1964 దాకా నడిచింది. దాన్ని ఎత్తేస్తే స్థానిక కూలీల రేట్లు పెరుగుతాయన్నారు. మైకేల్ క్లెమెన్స్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత లెక్కలు తీస్తే, చెప్పుకోదగ్గ పెరుగుదల ఏమీ కనబడలేదు. చాలాచోట్ల రైతులు యంత్రాలు తెచ్చుకున్నారు, కొందరు పంటలు మార్చుకున్నారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. పథకం పోయినా మనుషుల రాకపోకలు ఆగలేదు. సీజన్‌కు వచ్చి, పని అయ్యాక ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. 1986 తర్వాత సరిహద్దు కాపలా ఏటికేడు పెరిగింది, దాటించే దళారుల రేట్లూ పెరిగాయి. ఒకసారి వెళ్తే మళ్లీ రాగలమో లేదో అన్న టెన్షన్‌తో జనం తిరిగి వెళ్లడం మానేశారు, భార్యాపిల్లల్నీ తెచ్చుకున్నారు. దశాబ్దాల పాటు ఈ వలసను పరిశీలించిన డగ్లస్ మాసీ చెప్పింది ఇదే: కాపలా వచ్చేవాళ్లను ఆపిన దానికంటే వెళ్లేవాళ్లను ఎక్కువగా ఆపింది. అన్ని దేశాలవాళ్లనూ కలుపుకుంటే, అమెరికాలో పత్రాలు లేనివాళ్లు 1990లో సుమారు 35 లక్షలు. 2007 నాటికి కోటీ 20 లక్షలు దాటారు.

అలాగని రేపటి నుంచే పూర్తిగా తెరిచేద్దామా? లాభం మాత్రం చాలా పెద్దది. ఆంక్షలన్నీ తీసేస్తే ప్రపంచ ఉత్పత్తి 50 నుంచి 150 శాతం దాకా పెరగొచ్చని కొన్ని అంచనాలున్నాయి. ఇక స్థానికుల జీతాలు పడిపోతాయన్న భయం సంగతి. 1980లో కొన్ని నెలల్లోనే సుమారు లక్షా పాతిక వేల మంది క్యూబా నుంచి ఫ్లోరిడాకు వచ్చారు, వాళ్లలో చాలామంది మయామీలోనే స్థిరపడ్డారు. అక్కడి జీతాల మీద దాని ప్రభావం దాదాపు లేదని ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ తేల్చారు. హైస్కూల్ పూర్తి చేయనివాళ్ల జీతాలు బాగా పడ్డాయని మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ వాదించారు. ఆ వాదన ఇంకా తేలలేదు. తక్కువ చదువున్నవాళ్ల భయాన్ని మాత్రం కొట్టిపారేయకూడదు.

నన్ను వెనక్కి లాగేది బ్రిటన్ అనుభవం. 2004లో యూరోపియన్ యూనియన్‌లో కొత్త దేశాలు చేరినప్పుడు బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ వెంటనే తలుపులు తీశాయి. జర్మనీ, ఆస్ట్రియా 2011 దాకా ఆగాయి. బ్రిటన్‌కు నికరంగా ఏడాదికి మహా అయితే 13 వేల మంది వస్తారని అంచనా వేశారు, వచ్చినవాళ్లు దానికి ఎన్నో రెట్లు. యూనియన్ నుంచి బయటికి రావాలన్న 2016 బ్రెగ్జిట్ ఓటుకు అదొక్కటే కారణం అనలేం గానీ, వలసల మీద కోపం దానిలో పెద్ద పాత్రే పోషించింది. వచ్చినవాళ్లు పనిచేశారు, పన్నులు కట్టారు. అయినా ఇళ్లు, బడులు, ఆసుపత్రులు ఆ వేగానికి తగ్గట్టు పెరగకపోతే జనం సహనం పోతుంది. అప్పుడు తలుపు మళ్లీ మూసుకుంటుంది.

అందుకే నా ఓటు మెల్లగా సడలించడానికే. అయితే ఎంతమందిని రానిస్తున్నామన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. గల్ఫ్ దేశాలు లక్షల మందికి తలుపులు తీశాయి, కానీ కఫాలా పద్ధతిలో కార్మికుణ్ణి ఒకే యజమానికి కట్టేశాయి. జీతం ఎగ్గొట్టినా పని మారలేని పరిస్థితి. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు ఖతర్ 2020లో కల్పించింది. అమలులో లోపాలున్నా మార్పు ఆ దిశలోనే రావాలి. సీజన్ పర్మిట్ ఇచ్చి, ఇంటికి వెళ్లి మళ్లీ వచ్చే హక్కూ, యజమానిని మార్చుకునే హక్కూ ఇస్తే చాలామంది స్థిరపడాలని పట్టుపట్టరు. ఏటా ఎంతమందిని తీసుకోవాలో కట్టే ఇళ్లను బట్టి నిర్ణయించాలి. ఇళ్ల ఒత్తిడి పెరిగాక, శాశ్వత నివాసం ఇచ్చే కొత్తవాళ్ల 2025 లక్ష్యాన్ని 5 లక్షల నుంచి 3 లక్షల 95 వేలకు తగ్గించుకోవాల్సి వచ్చిన కెనడాను చూస్తే ఆ అవసరం తెలుస్తుంది. ప్రాణభయంతో పారిపోయి వచ్చే శరణార్థులకు మాత్రం ఈ లెక్క వర్తించకూడదు. వాళ్లను 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం ప్రకారమే చూడాలి.

నర్సులు, డాక్టర్ల విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్త కావాలి. ఆరోగ్య సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న 55 దేశాల జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. వెళ్తానన్న నర్సును ఆపే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ జాబితాలోని దేశం నుంచి నర్సులను తీసుకునే సంపన్న దేశం, వాళ్లను పంపిన దేశంలో కొత్త నర్సుల శిక్షణకు డబ్బు పెట్టాలన్నది ఒప్పందంలోనే రాసి ఉండాలి.