ఇంట్లో పాటలకి యమహా ఏ-ఎస్301 యాంప్ (యాంప్లిఫయర్) కొనొచ్చా?

హాల్లో రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక టీవీ, ఫోన్లో పాటలు, ఎప్పుడైనా ఓ రికార్డు ప్లేయర్. ఇంతే చాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. సినిమాలకి చుట్టూ ఐదు స్పీకర్లు మోగాలంటే ఇది మీకు పనికిరాదు, హెచ్‌డీఎంఐ కూడా లేదు.

ముందు వాట్ల గోల తేల్చేద్దాం. డబ్బా మీద పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే పవర్ లెక్క) అని వేలల్లో అంకె వేసి అమ్మిన రోజుల నుంచి షాపుకెళ్తే మన నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న వాట్లెన్ని అనే. ఏ-ఎస్301కి ఛానల్‌కి 60 వాట్లు, 8 ఓమ్స్ స్పీకర్ల మీద. దీనికంటే తక్కువలో దొరికే తమ్ముడు ఏ-ఎస్201 మీద మాత్రం 100 అని ఉంటుంది! వాట్లు రెండింతలైనా పెరిగే సౌండ్ 3 డెసిబెల్సే, అలాంటిది 60కీ 100కీ మధ్య తేడా 2 చిల్లర, అంటే చెవికి అంతంతమాత్రం. ఇంట్లోవాళ్లు విసుక్కోకుండా వినే సౌండ్‌కి మామూలు హాల్లో నాలుగైదు వాట్లు కూడా ఖర్చు కావు. గట్టిగా మోగాలనుంటే స్పీకర్ సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చూసుకోండి, 84 డెసిబెల్స్ స్పీకర్‌కి 90 డెసిబెల్స్ దానితో పోలిస్తే నాలుగింతల పవర్ కావాలి.

తమ్ముణ్ని కాదని దీనికి ఎక్కువ పెట్టేది వెనకున్న ఆప్టికల్, కోయాక్సియల్ అనే డిజిటల్ ఇన్‌పుట్ల కోసం. టీవీ నుంచి ఒక్క ఆప్టికల్ వైరు లాగితే వార్తలు చదివేవాళ్ల గొంతు కూడా మనిషి గొంతులా వినిపిస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ సౌండ్‌ని పీసీఎం (మామూలు స్టీరియో) అనే దానికి మార్చాలి, డాల్బీలో వదిలేస్తే ఈ యాంప్‌కి అది అర్థం కాదు. యాంప్ పోయిందని టెన్షన్ పడే ముందు అక్కడ చూడండి.

నాకు నచ్చింది మాత్రం లౌడ్‌నెస్ నాబ్. సౌండ్ తగ్గించిన కొద్దీ మన చెవికి బేస్ ముందు మాయమవుతుంది, రాత్రి పదకొండుకి కచేరీ పెట్టుకుంటే గాత్రం వినబడుతుంది గానీ మృదంగం ఎడమవైపు దెబ్బ ఎక్కడికో పోతుంది. పాత సెట్లలో లౌడ్‌నెస్ అంటే ఒక బటన్, నొక్కితే బుడబుడ. ఇందులో అలా కాదు. నాబ్‌ని ఫ్లాట్‌లో ఉంచి, మీరు వినే గట్టి సౌండ్ దాకా వాల్యూమ్ పెంచి, ఆ తర్వాత వాల్యూమ్ జోలికి పోకుండా ఈ నాబ్ తిప్పుతూ సౌండ్ తగ్గించాలి. మధ్య స్వరాలు తగ్గుతాయి, బేస్ నిలబడుతుంది. చాలామంది ఇది చదవకుండా బేస్ పెంచే నాబ్ అనుకుని తిప్పేసి, సౌండ్ పడిపోతోందేంటని తిట్టుకుంటారు. సౌండ్‌ని ఏ మార్పూ లేకుండా నేరుగా పంపే ప్యూర్ డైరెక్ట్ బటన్ నొక్కి ఉంటే ఇదీ, బేస్, ట్రెబుల్ నాబ్‌లూ ఏవీ పనిచేయవు, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఆ బటన్ అవసరం పెద్దగా రాదు.

బ్లూటూత్ లేదు. ఈ రోజుల్లో ఇది కాస్త పిసినారితనమే. విడిగా చిన్న రిసీవర్ పెట్టుకోవచ్చు గానీ ఇంకో అడాప్టర్, ఇంకో వైరు. బ్లూటూత్ తప్పనిసరైతే డెనాన్ పీఎంఏ-600ఎన్ఈ చూడండి, 45 వాట్లే, కానీ పైన చెప్పిన లెక్క ప్రకారం ఏమీ తక్కువ కాదు. ఫోసీ వీ3 లాంటి అరచేతి యాంప్‌లు ఇంకా చవక, సౌండ్ బాగుంటుంది, కానీ ఒక్కటే ఇన్‌పుట్, రిమోట్ లేదు. టీవీకి సౌండ్ తగ్గించడానికి ప్రతిసారీ లేవాలంటే ఇంట్లో ఎవరు ఊరుకుంటారు?

కొనేముందు టీవీ యూనిట్ లోతు కొలవండి. యాంప్ లోతే 387 మిల్లీమీటర్లు, వెనక వైర్లకి ఇంకో నాలుగు వేళ్లు, పైన గాలాడే జాగా. అమెరికాలో ఉన్న బావగారు వచ్చేటప్పుడు తెమ్మందామనుకుంటే వద్దు, 9 కిలోల బరువు సంగతి అలా ఉంచి అక్కడి సెట్టు 120 వోల్టులది, మన ప్లగ్గులో పెడితే నేరుగా పొగే.